ఆ మూడు క్రెడిట్లు ఎవరివి?

(టెక్సస్‌లో స్థిరపడ్డ తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కలిసినప్పుడల్లా వీసాల గురించో, ఇక్కడి ఎన్నికల గురించో, రెండు తెలుగు రాష్ట్రాల రాజకీయాల గురించో మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను ఎంచుకున్న విషయం యూనివర్సిటీ డిగ్రీలో ఒక చిన్న నిబంధన. ఈ రాష్ట్రంలో ఏ పబ్లిక్ యూనివర్సిటీలో చేరినా, ఇంజనీరింగు చదివినా, బిజినెస్ చదివినా, ప్రీ-మెడ్ చదివినా, బ్యాచిలర్స్ డిగ్రీ చేతికి రావాలంటే కళలకి సంబంధించిన కోర్సు ఒకటి పూర్తి చెయ్యాలి. రాజకీయ వేదిక మీద ఇదేం విషయం అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇది రాజకీయ విషయమే అని చెప్పడానికే వచ్చాను.

ముందు వివరాలు చూద్దాం. టెక్సస్ శాసనసభ 1997లో చేసిన చట్టం వల్ల ఇక్కడి పబ్లిక్ యూనివర్సిటీలకీ, కమ్యూనిటీ కాలేజీలకీ కలిపి ఒక కోర్ కరిక్యులమ్ ఏర్పడింది. ఇప్పుడున్న రూపం 2014 ఫాల్ నుంచి అమల్లో ఉంది. మొత్తం 42 క్రెడిట్ అవర్లు. అందులో కమ్యూనికేషన్‌కి 6, లెక్కలకి 3, సైన్సుకి 6, అమెరికా చరిత్రకి 6, ప్రభుత్వ వ్యవస్థకి 6, భాషా తాత్విక సంస్కృతులకి 3, సామాజిక శాస్త్రాలకి 3, కాలేజీ తన ఇష్టం మీద కేటాయించుకునేవి 6. మిగిలిన 3 క్రెడిట్లు 'క్రియేటివ్ ఆర్ట్స్'వి. డిగ్రీ మొత్తం మామూలుగా 120 క్రెడిట్లు. అంటే కళల వాటా నలభైలో ఒక వంతు. వారానికి మూడు గంటల చొప్పున పదిహేను వారాలు లెక్క వేసుకుంటే నలభై అయిదు గంటలు. మనం ఆఫీసులో ఒక వారం గడిపేంత సేపు!

ఆ ఒక్క వారం గురించే మన ఇళ్ళల్లో ఎంత చర్చో మీకు తెలుసు. పార్టీల్లో తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. "ఏది ఈజీ అండీ, ఆర్టా, మ్యూజిక్కా?" "సమ్మర్‌లో ఆన్‌లైన్‌లో అయిదు వారాల్లో లేపెయ్యచ్చా?" "హైస్కూల్లోనే ఏపీ ఆర్ట్ హిస్టరీ రాయించేస్తే ఆ గొడవ వదిలిపోతుందట కదా?" అడగడంలో తప్పు లేదు. ఫీజు కట్టేది మనమే. కానీ ఈ ప్రశ్నలన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: చదువంటే ఉద్యోగానికి పనికొచ్చేది, మిగతాదంతా దారికి అడ్డం.

ఈ నమ్మకం మనకి ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోవడం కష్టం కాదు. పదో తరగతి అవగానే పిల్లల్ని ఎం.పి.సి., బై.పి.సి. అని రెండు గాడిల్లో కట్టేసి, ఎంసెట్ ర్యాంకు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదన్నట్టు రెండేళ్ళు తోమే వ్యవస్థలోంచి మనలో చాలామందిమి వచ్చాం. డ్రాయింగ్ పీరియడ్‌ని లెక్కల మాస్టారు తీసేసుకుంటే ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అక్కడ కూడా ఆ వ్యవస్థ కొద్దికొద్దిగా మారుతోంది. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం వృత్తివిద్యలోకి కళల్నీ, మానవీయ శాస్త్రాల్నీ తీసుకురావాలంది. ఐఐటీ హైదరాబాద్‌లో బి.టెక్ పాఠ్యప్రణాళికలో క్రియేటివ్ ఆర్ట్స్ కోర్సులున్నాయి. అక్కడ తలుపు తెరుస్తున్న సమయంలో ఇక్కడ తెరిచి ఉన్న తలుపుని మూసెయ్యమని మనం అడుగుతున్నాం.

అసలు అమెరికాలో ఈ తలుపు ఎందుకు తెరిచారు? మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో, కొలంబియా యూనివర్సిటీ తన కాలేజీ విద్యార్థులందరికీ సమకాలీన నాగరికత మీద ఒక ఉమ్మడి కోర్సు పెట్టింది. యుద్ధాలకీ శాంతికీ కారణాలేమిటో పౌరులకి తెలియాలన్నది దాని ఉద్దేశం. రెండో యుద్ధం తరవాత, 1947లో, చిత్రకళ మీద ఒకటి, సంగీతం మీద ఒకటి, రెండు కోర్సుల్ని అందరికీ తప్పనిసరి చేసింది. 1945లో హార్వర్డ్ అధ్యాపకులు ప్రజాస్వామ్య సమాజంలో సామాన్య విద్య ఎలా ఉండాలో ఒక పెద్ద నివేదిక రాశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1944 నాటి జి.ఐ. బిల్లు పుణ్యమా అని, యుద్ధం నుంచి తిరిగొచ్చిన లక్షలాది మామూలు ఇళ్ళ కుర్రాళ్ళు కాలేజీ మెట్లెక్కారు. అంతకు ముందు మ్యూజియంకి వెళ్ళడం, ఆర్కెస్ట్రా వినడం డబ్బున్న ఇళ్ళల్లో పిల్లలకి తల్లిదండ్రులు నేర్పే మర్యాద. ఇక నుంచి అది రైతు కొడుక్కీ, మెకానిక్ కొడుక్కీ కూడా అందాలి అన్నది ఆ కాలపు ఆలోచన. జనరల్ ఎడ్యుకేషన్ అనే మాటలో 'జనరల్' అంటే అదీ అర్థం, అందరిదీ అని.

ఎం.ఐ.టి. సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళల్లో ఆ పేరు వినగానే అందరూ నిటారుగా కూర్చుంటారు. అక్కడ ఏ ఇంజనీరింగు చదివినా మానవీయ శాస్త్రాలు, కళలు, సామాజిక శాస్త్రాలు కలిపి ఎనిమిది కోర్సులు చెయ్యాలి. వాటిలో కనీసం ఒకటి కచ్చితంగా కళల విభాగంలోంచి ఉండాలి. ఇంజనీర్లని తయారుచెయ్యడంలో ప్రపంచంలో ముందున్న సంస్థకి ఇది కాలయాపన అనిపించలేదు.

ఇక్కడ మీలో కొందరు స్టీవ్ జాబ్స్ పేరు ఎత్తుతారనుకుంటున్నాను. ఆయన కాలిగ్రఫీ నేర్చుకోబట్టే మ్యాకింటాష్ అక్షరాలు అందంగా వచ్చాయన్న కథ మనందరం విన్నదే. నేను ఆ కథని వాడుకోను. ఒక కారణం, ఆయన ఆ క్లాసులో కూర్చునేనాటికే డిగ్రీ చదువు మానేశాడు. అది రిక్వైర్‌మెంటు కాదు, మానేసినవాడి సరదా. రెండో కారణం అసలైనది. కళల వల్ల చివరికి డబ్బే వస్తుందని వాదించడం మొదలుపెడితే, డబ్బు రాని రోజున ఆ కోర్సు తీసెయ్యమనడానికి మనమే దారి వేసినవాళ్ళమవుతాం. చరిత్ర, ప్రభుత్వం కోర్సుల్ని జీతాలు పెరుగుతాయని పెట్టలేదు. వోటు వేసేవాడికి అవి తెలిసి ఉండాలని పెట్టారు. కళల కోర్సుని కూడా ఆ వరసలోనే చూడాలి.

కళకీ వోటుకీ ఏమిటి సంబంధం అంటారా? ఈ ప్రశ్న తెలుగువాళ్ళు అడగకూడదు. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథల్నీ, నాటకాల్నీ ఊరూరికీ తీసుకెళ్ళింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని జనం విరగబడి చూశారు. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కరపత్రం కంటే నాటకం బలమైనదని ఆనాటి పోలీసులకి ఏ యూనివర్సిటీ కోర్సూ చెయ్యకుండానే తెలిసింది. ఇంకా దగ్గరికి వద్దాం. 1982 మార్చిలో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టారు. 1983 జనవరి కల్లా ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తొమ్మిది నెలల్లో చైతన్యరథం మీద ఖాకీ బట్టలతో నిలబడ్డ ఆ మనిషిలో జనం ఏం చూశారు? ముప్ఫై ఏళ్ళ పాటు తెరమీద చూసిన రాముణ్ణీ, కృష్ణుణ్ణీ ఎంత చూశారు, రాజకీయ నాయకుణ్ణి ఎంత చూశారు? మీరు ఆయన అభిమానులైనా, వ్యతిరేకులైనా, ఒక దృశ్యం ఎలా అధికారంగా మారుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనం కళ్ళారా చూశాం.

ఇప్పుడు ఆ దృశ్యాలు రథం దిగి మన ఫోన్లలోకి వచ్చేశాయి. ఏది ఎక్కడ తీసిన ఫొటో, ఏది కృత్రిమ మేధ తయారుచేసింది, ఏ వీడియోలో నేపథ్య సంగీతం మనకి తెలియకుండానే కోపం తెప్పిస్తోంది, ఏ పోస్టరులో నాయకుడి బొమ్మని కింద నుంచి పైకి తీసి దేవుణ్ణి చేశారు: ఇవి చూసి పట్టుకోగలిగినవాడు చదువుకున్నవాడు. మంచి ఆర్ట్ అప్రీసియేషన్ క్లాసులో నేర్పేది ఇదే. ఒక బొమ్మ ముందు కూర్చోబెట్టి, "నీకు నచ్చిందా లేదా అని అడగడం లేదు, ముందు నీకు ఏం కనిపిస్తోందో రాయి" అంటారు. వెలుగు ఎటునుంచి పడుతోంది, ఎవరు మధ్యలో ఉన్నారు, ఎవరిని అంచుకి నెట్టారు, ఎవరు డబ్బిచ్చి వేయించారు? ఆ తరవాతే అభిప్రాయం. చూడటానికీ, అభిప్రాయపడటానికీ మధ్య ఆ కాస్త ఎడం లేకపోవడమే ఈ రోజు మన వాట్సాప్ గ్రూపుల జబ్బు.

ఇక మనవాళ్ళు చెప్పే గట్టి అభ్యంతరం ఒకటుంది. "మా అమ్మాయి పదేళ్ళు కూచిపూడి నేర్చుకుంది. రంగప్రవేశం కూడా చేశాం. మళ్ళీ దానికి కళలేమిటో నేర్పేదేమిటి?" అని. ఇది న్యాయమైన ప్రశ్న. శని, ఆదివారాలు పిల్లల్ని కార్లో కూర్చోబెట్టుకుని గురువుల ఇళ్ళ చుట్టూ తిరిగే మన తల్లుల శ్రమ తక్కువది కాదు. కానీ నాట్యం చెయ్యడం వేరు, నాట్యం గురించి ప్రశ్నించడం వేరు. కూచిపూడి ఊళ్ళో తరతరాలుగా మగవాళ్ళే ఆడవేషాలు ఎందుకు కట్టారు? గోదావరి జిల్లాల్లో ఆటపాటల్ని కాపాడుకుంటూ వచ్చిన కలావంతుల ఆడవాళ్ళు ఏమయ్యారు? 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం ఒక దురాచారాన్ని ఆపుతూనే, ఆ ఆడవాళ్ళ బతుకుతెరువునీ, విద్యనీ ఎలా తుడిచేసింది? అదే విద్య కొద్ది కాలానికే గౌరవనీయమైన ఇళ్ళ పిల్లలకి 'సంప్రదాయ నృత్యం' ఎలా అయింది? ఈ ప్రశ్నలు మన గరాజ్‌లో జరిగే డాన్సు క్లాసులో రావు. రావాలని ఆశించకూడదు కూడా. గురువుగారి పని అడుగు సరిగ్గా పడేట్టు చూడటం. ప్రశ్న లేవనెత్తడం యూనివర్సిటీ పని. పదేళ్ళు నేర్చుకున్న అమ్మాయికే ఆ ప్రశ్నలు అందరికంటే ఎక్కువ అవసరం. అందరికంటే బాగా అర్థమయ్యేదీ ఆ అమ్మాయికే.

ఇంకో మాట. మన పిల్లలకి మన కళలు తెలుసునని మనం అనుకుంటాం. 2023లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో తొలినాటి భారతీయ బౌద్ధ శిల్పాల మీద పెద్ద ప్రదర్శన జరిగింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వకాల్లో దొరికిన శిల్పాలు అందులో ఉన్నాయి. తెలుగు నేల మీద చెక్కిన సున్నపురాళ్ళు! న్యూజెర్సీలో ఉన్న మన వేలాది కుటుంబాల్లో ఎన్ని అటు వెళ్ళి ఉంటాయి? సినిమా రిలీజు రోజున కనిపించే కార్లలో పదో వంతు అయినా ఆ మ్యూజియం వైపు తిరిగి ఉంటాయా? మన ఊళ్ళో సంగతి చూడండి. డాలస్ ఆర్ట్ మ్యూజియం 2013లో ప్రవేశ రుసుము తీసేసింది. ఫోర్ట్‌వర్త్‌లో కింబెల్ మ్యూజియం సొంత సేకరణ చూడటానికి టికెట్టు లేదు. 1972లో తెరిచిన ఆ భవనం కట్టింది లూయీ కాన్. అహ్మదాబాద్ ఐ.ఐ.ఎం. కట్టింది కూడా ఆయనే. ఆసియా కళలకి అంకితమైన క్రో మ్యూజియం 2019లో యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్‌లో భాగమైంది. 2024లో రిచర్డ్‌సన్ క్యాంపస్‌లోనే రెండో భవనం తెరిచారు. మన తెలుగు విద్యార్థులు కంప్యూటర్ సైన్సు క్లాసుకి నడిచి వెళ్ళే క్యాంపస్ అది. ఆ యూనివర్సిటీకి పునాది వేసింది టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ స్థాపకులు. కొత్త ఇంజనీర్ల కోసమే వాళ్ళు దాన్ని మొదలుపెట్టారు. ఆ స్థాపకుల్లో ఒకరైన మెక్‌డెర్మట్ కుటుంబమే డాలస్ మ్యూజియంకీ పెద్ద దాతలు. చిప్పులు తయారుచేసినవాళ్ళకి చిత్రాలు అడ్డం కాలేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వస్తాను. ఈ మూడు క్రెడిట్లు ఎప్పటికీ ఉంటాయనుకోకండి. కాలిఫోర్నియాలో 2021లో చేసిన ఒక చట్టం కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు యూనివర్సిటీకి మారడాన్ని సులువు చెయ్యాలనుకుంది. ఉద్దేశం మంచిదే. దాని ఫలితంగా 2025 ఫాల్ నుంచి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీల్లో కళలూ మానవీయ శాస్త్రాలూ కలిసిన విభాగం కింది స్థాయిలో 9 యూనిట్ల నుంచి 6కి తగ్గింది. ఎవరూ కళల్ని ద్వేషించలేదు. పట్టికలు సరిచేస్తూ పోతే ముందు కత్తిరింపు పడింది వాటికి.

మన టెక్సస్‌లో 2025లో సెనేట్ బిల్ 37 చట్టమైంది. దాని ప్రకారం పబ్లిక్ యూనివర్సిటీల పాలకమండళ్ళు జనరల్ ఎడ్యుకేషన్ కోర్సుల్ని కనీసం అయిదేళ్ళకోసారి సమీక్షించాలి. ఆ కోర్సులు పౌర జీవితానికీ, వృత్తి జీవితానికీ విద్యార్థిని సిద్ధం చేస్తున్నాయా అని చూడాలి. ఈ చట్టం మీద మీకు ఎలాంటి అభిప్రాయమైనా ఉండొచ్చు. ఆ చర్చ ఇవాళ పెట్టుకోను. ఒకటి మాత్రం గమనించండి. పౌర జీవితం, వృత్తి జీవితం అని రెండు మాటలున్నాయి. సమీక్ష జరిగేటప్పుడు తల్లిదండ్రుల గొంతు ఒక్కటే వినబడి, అది "మా వాడి ఉద్యోగానికి ఇదెందుకు?" అన్నదే అయితే, మొదటి మాట కాగితం మీద మిగులుతుంది, రెండోది కోర్సుల్ని నిర్ణయిస్తుంది.

యూనివర్సిటీలకి గుర్తింపునిచ్చే సంస్థ అడ్డుకోదా అంటే, ఈ ప్రాంతంలోని గుర్తింపు నియమం 'మానవీయ శాస్త్రాలు లేదా లలితకళలు' నుంచి ఒక్క కోర్సు ఉంటే చాలంటుంది. ఒక తత్వశాస్త్రం కోర్సు పెట్టి కళల్ని పూర్తిగా తీసేసినా ఆ నియమం చెక్కుచెదరదు. అంటే ఆ మూడు క్రెడిట్లని ఇవాళ నిలబెడుతున్నది రాష్ట్ర నిబంధన. రాష్ట్ర నిబంధన అంటే రాజకీయం.

అవి పోతే నష్టపోయేది ఎవరు? మన పిల్లలు కాదు. మన పిల్లలకి పియానో టీచరున్నారు, సంగీతం గురువుగారున్నారు, వేసవిలో యూరప్ యాత్ర ఉంది. నష్టపోయేది రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే కమ్యూనిటీ కాలేజీకి వచ్చే కుర్రాడు. హైస్కూల్లో ఒక్క ఫైన్ ఆర్ట్స్ క్రెడిట్ ఏదో అయిందనిపించి, జీవితంలో ఒక్కసారి కూడా నాటకం చూడని అమ్మాయి. క్లాసులో ప్రొఫెసరు ఒక కచేరీకి వెళ్ళి రిపోర్టు రాసుకు రమ్మంటే, అదే వాళ్ళు మొదటిసారి ఆ హాలు గడప తొక్కడం. మనం ప్రైవేటుగా కొనుక్కోగలిగినదాన్ని, కొనుక్కోలేనివాడికి ప్రభుత్వం ఇస్తుంటే, దండగ అనడం మనకి తగదు. స్కాలర్‌షిప్పుల మీదా, ప్రభుత్వ కాలేజీ సీట్ల మీదా చదువుకుని ఇక్కడికి వచ్చినవాళ్ళం మనం.

మరి ఆ పేద విద్యార్థికి మూడు క్రెడిట్ల ఫీజు భారం కాదా? భారమే. ఈ వాదనని నేను తేలిగ్గా తీసెయ్యను. చాలాచోట్ల ఈ కోర్సుని రెండు మూడు వందలమందిని కూర్చోబెట్టి, చిత్రకారుల పేర్లూ తేదీలూ బట్టీ పట్టించి, మల్టిపుల్ చాయిస్ పరీక్షతో ముగిస్తారన్న ఫిర్యాదు కూడా నిజమే. కానీ లెక్కల కోర్సు సరిగ్గా చెప్పకపోతే లెక్కల్ని తీసెయ్యమంటామా? మంచి టీచర్ని పెట్టమంటాం. డబ్బు భారమైతే ఫీజు తగ్గించమంటాం. చదువు తగ్గించమని అడగం.

కాబట్టి నేను కోరేవి మూడు పనులు.

ఒకటి, ఇంట్లో. పిల్లలు కోర్సు ఎంచుకునేటప్పుడు "ఏది ఈజీ?" అని కాక, "ఎందులో చూడాలి, వినాలి, రాయాలి?" అని అడగండి. ఏపీతో క్రెడిట్ వచ్చేసినా వీలుంటే ఒక నాటకం క్లాసో, సినిమా క్లాసో తీసుకోమనండి.

రెండు, కాలేజీల దగ్గర. సిలబస్‌లో యూరప్ తప్ప మరేమీ లేకపోతే అడుగుదాం. అమరావతి శిల్పాలకీ, మచిలీపట్నం కలంకారీకీ అందులో చోటుండాలి. అయితే మనది మాత్రమే పెట్టమని అడగొద్దు. మెక్సికో కుడ్యచిత్రాలకీ, నల్లవారి జాజ్‌కీ మన పిల్లలు కూడా వారసులే. ఈ దేశంలో పుట్టినందుకు వాళ్ళకి ఆ ఆస్తి దక్కుతుంది.

మూడు, వోటు దగ్గర. యూనివర్సిటీల రీజెంట్లని గవర్నరు నియమిస్తారు, సెనేటు ఆమోదిస్తుంది. కమ్యూనిటీ కాలేజీల ట్రస్టీలని మాత్రం జనమే ఎన్నుకుంటారు. కాలిన్ కాలేజీకైనా, డాలస్ కాలేజీకైనా అంతే. బ్యాలెట్‌లో అట్టడుగున ఉండే ఆ పేర్ల దాకా మనలో ఎంతమందిమి వెళ్తున్నాం? అధ్యక్షుడెవరన్న దాని మీద రాత్రి రెండింటిదాకా వాదించుకుంటాం. మన ఇంటికి పది మైళ్ళలో ఉన్న కాలేజీని నడిపేవాళ్ళ పేర్లు మనకి తెలియవు. పౌరసత్వం ఇంకా రానివాళ్ళు కూడా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. బోర్డు బహిరంగ సమావేశంలో అజెండా మీద ఉన్న అంశం గురించి మాట్లాడటానికి వోటు హక్కు అక్కర్లేదు, రెండు మూడు నిమిషాల ఓపిక చాలు. సమీక్ష జరిగే రోజున ఆ గదిలో ఒక తెలుగు తండ్రో తల్లో లేచి నిలబడి, "మా అమ్మాయి ఇంజనీరు అవుతుంది. అయినా ఈ కోర్సు ఉండాలి. మా పక్కింటి అబ్బాయికి కూడా ఉండాలి" అంటే ఆ మాటకి బరువుంటుంది. ఎందుకంటే మన దగ్గరనుంచి ఆ మాట వస్తుందని వాళ్ళెవరూ అనుకోరు.

 ప్రశ్నలుంటే అడగండి. ఒప్పుకోనివాళ్ళు ముందు అడిగితే ఇంకా సంతోషం.